విమానంలో ఇంజిన్ ఆయిల్ వాసన పీల్చాక చేయించిన రక్తపరీక్ష నార్మల్ వచ్చింది. నమ్మొచ్చా?

#1 పొదలకూరు_పెద్దమ్మాయి

అందరికీ నమస్కారం. మా చెల్లెలు విమానాల్లో క్యాబిన్ క్రూ. పోయిన నెల చెన్నైలో దిగే ముందు వెనక గ్యాలీలో (తిండి సర్దే చోట) తడి సాక్సుల కంపు గుప్పున కొట్టిందంట. కాసేపటికే గొంతు మంట, తలనొప్పి. ట్రేలో కప్పులు సర్దుతుంటే వేళ్లు వణికినాయంట. పక్కనున్న అమ్మాయికీ అంతే. దిగాక వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టి, 98 ఉంది, ఏం లేదు ఇంటికెళ్లమన్నారు.

సెలవు పెట్టి ఇంటికొచ్చింది. తలబరువు పోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట దొరక్క ఆగిపోతోంది. ఇంతకుముందు ఇట్టా లేదు. నెల్లూరు పొగతోటలో ఒక డాక్టరు గారికి చూపించాం. విమానం గాలి వల్ల వచ్చిన కేసు తాను చూడలేదని ఉన్న మాట చెప్పి, పురుగుమందు కేసులకు చేసే సీరం కోలినెస్టరేజ్ రాశారు. 5,400 వచ్చింది. పక్కన నార్మల్ 4,260 నుంచి 11,250 అని ఉంది. అంటే ఏమీ లేనట్టేనా? వేరే పరీక్ష ఏదైనా ఉందా? ఇంట్లో అందరం టెన్షన్‌గా ఉన్నాం. తెలిసినవాళ్లు చెప్పండి.

#2 సింహపురి_సురేషు

విమానంలో ఆపరేషన్ థియేటర్లో వాడే హెపా ఫిల్టర్లు ఉంటాయి అక్కా. గాలి శుభ్రంగానే ఉంటుంది. నిద్రలేమి అయ్యుంటుంది, రెస్టు తీసుకోమనండి.

#3 హ్యాంగర్_బాబాయ్ (గూడూరు)

సురేషూ, హెపా ఫిల్టరు దుమ్మునీ సూక్ష్మజీవుల్నీ పట్టుకుంటుంది, ఆవిర్లను పట్టుకోదు. పైగా అది ఉండేది క్యాబిన్‌లో తిరిగే పాత గాలి దారిలో. కొత్తగా లోపలికొచ్చే గాలి సంగతి వేరు.

ఇంజిన్ల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను. చాలా జెట్ విమానాల్లో మనం పీల్చే కొత్త గాలి ఇంజిన్ కంప్రెసర్ నుంచే వస్తుంది. ఇంధనం మండే చోటికి చేరకముందే కొంత వేడిగాలిని పక్కకు తీసి, చల్లార్చి క్యాబిన్‌లోకి పంపుతారు. దీన్నే బ్లీడ్ ఎయిర్ అంటారు. అదే ఇంజిన్‌లో బేరింగులకు ఆయిల్ ఉంటుంది. ఆ ఆయిల్ ఇటు రాకుండా సీళ్లు ఆపుతాయి, అవి గాలి ఒత్తిడి మీదే ఆధారపడి పనిచేస్తాయి. పైలట్ పవర్ తగ్గించినప్పుడూ పెంచినప్పుడూ, నేలమీద తోకలోని చిన్న ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడూ ఒత్తిడి మారుతుంది. సీలు అరిగి ఉంటే ఆ క్షణంలో కొంచెం ఆయిల్ జారి వేడిగాలిలో కలుస్తుంది. అమ్మాయికి దిగే ముందు వాసన వచ్చిందన్నారే, అది దీనికి సరిగ్గా సరిపోతుంది.

ఆ ఆయిల్లో అరుగుదల తగ్గించడానికి ట్రైక్రెసైల్ ఫాస్ఫేట్ కలుపుతారు, సుమారు 3 శాతం. అది ఆర్గానోఫాస్ఫేట్ జాతి. పురుగుమందుల్లో చాలావాటిది కూడా ఆ జాతే. రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను ఈ జాతి మందులు ఆపేస్తాయి. మీ డాక్టరు గారు కోలినెస్టరేజ్ రాశారంటే ఆలోచించే రాశారు.

2011లో సర్వీసులోకి వచ్చిన బోయింగ్ 787లో ఈ పద్ధతి తీసేశారు. బయటి గాలిని కరెంటు కంప్రెసర్లతో విడిగా లాగుతారు. మిగతావి చాలావరకు పాత పద్ధతే.

అమ్మా, ఒక్క పని వెంటనే చేయించు. ఆ విమానం రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, ఏ సమయంలో వాసన వచ్చింది, టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకం) ఎంట్రీ పడిందా లేదా, ఇవన్నీ మీ చెల్లి చేత రాయించి పెట్టు. లాగ్‌లో పడితేనే మెకానిక్ సీలు విప్పి చూస్తాడు. రక్తంలో ఏం దొరికినా దొరక్కపోయినా ఆ కాగితం ఉండాలి.

#4 ల్యాబ్_మాస్టారు (ఒంగోలు)

పెద్దమ్మాయి గారూ, నేను ఒంగోలులో ల్యాబు నడుపుతాను. పురుగుమందు కేసులు ఎక్కువ కాబట్టి ఈ పరీక్ష మాకు నిత్యం చేసేదే. మీ రిపోర్టు తప్పు కాదు, కానీ దాంట్లో మీ ప్రశ్నకు జవాబు లేదు.

ఆ రేంజి వెడల్పు చూడండి. 4 వేల చిల్లర నుంచి 11 వేల దాకా. మీ చెల్లెలికి ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎప్పుడూ 5,600 ఉండేదనుకోండి, ఇవాళ్టి 5,400తో ఏ గొడవా లేదు. అదే ఎప్పుడూ 10,000 ఉండేదైతే ఎంజైమ్‌లో దాదాపు సగం పోయినట్టు. రెండు సందర్భాల్లోనూ మా కంప్యూటర్ నార్మల్ అనే అచ్చేస్తుంది. చెరువులో నీళ్లు ఎంత తగ్గాయో చెప్పాలంటే ముందు ఎంత ఉన్నాయో గట్టుమీద గుర్తు ఉండాలి కదా. ఆ గుర్తునే బేస్‌లైన్ అంటారు. అది మీ దగ్గర లేదు.

రెండో సంగతి టైము. ఈ ఎంజైమ్ రెండు రకాలు. సీరంలో, అంటే కణాలు పోగా మిగిలే రక్తద్రవంలో, ఉండేది లివర్ తయారు చేస్తుంది. ఉన్నదాంట్లో సగం 10, 12 రోజుల్లో పోయి దాని చోట కొత్తది వస్తుంటుంది, కాబట్టి దెబ్బతిన్నా కొన్ని వారాల్లో కొత్తది వచ్చి అంకె పైకి లేస్తుంది. ఎర్ర రక్తకణాల్లో ఉండేది వేరు. ఆ కణం కొత్త ఎంజైమ్ చేసుకోలేదు, పాత కణాలు పోయి కొత్తవి రావాలి. కణం ఆయుష్షు 120 రోజులు. అందుకే దాంట్లో దెబ్బ నెలల తరబడి కనబడుతుంది. అయితే ట్రైక్రెసైల్ ఫాస్ఫేట్ ఎక్కువగా కొట్టేది సీరంలో దాన్నే, ఎర్రకణాల్లో దాన్ని అంతగా ముట్టుకోదు. ఇది కూడా మనసులో పెట్టుకోవాలి.

బేస్‌లైన్ లేదని దిగులు పడొద్దు. తర్వాత కూడా సంపాదించుకోవచ్చు. అదే ల్యాబులో, అదే కిట్టుతో ఇంకో మూడు నాలుగు వారాలకు ఒకసారి, ఆ తర్వాత ఇంకోసారి చేయించండి. అంకె 5,400 దగ్గరే ఆగితే అదే ఆ అమ్మాయి మామూలు స్థాయి. బాగా పైకి వెళితే మొదటిసారి తీసినప్పుడు అది కిందికి దిగి ఉందని అర్థం. ల్యాబు మార్చొద్దు. కిట్టు మారితే అంకెలు పోల్చలేం.

ఇంకోటి, రక్తం తీసేటప్పుడు షుగర్ పరీక్షకు వాడే బూడిద రంగు మూత ట్యూబులో తీయనివ్వకండి. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది, అదే ఈ ఎంజైమ్‌ను అణిచేస్తుంది. ఏం పీల్చని మనిషికి కూడా తక్కువ వస్తుంది.

#5 పొదలకూరు_పెద్దమ్మాయి

మాస్టారూ, మీరు ఇంత విడమరిచి చెప్పినందుకు నమస్కారాలు. ఇప్పుడు నాకు ఇంకో అనుమానం. మాది నిమ్మతోట. చెల్లి ఇంటికొచ్చిన వారంలోనే నాన్న తోటకు డైమిథోయేట్ అనే పురుగుమందు కొట్టించాడు. తోట ఇంటి వెనకే. కూలీలు డ్రమ్ములో మందు కలిపింది మా బావి గట్టు మీదే. చెల్లి ఆ పక్కనే మంచం వేసుకుని పడుకునేది. రక్తం ఇచ్చింది ఆ తర్వాతే. దీనివల్ల తేడా వస్తుందా?

#6 ల్యాబ్_మాస్టారు (ఒంగోలు)

తప్పకుండా వస్తుంది. డైమిథోయేట్ కూడా ఆర్గానోఫాస్ఫేటే. మా పరీక్ష ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో కొలుస్తుందంతే. దాన్ని ఆపింది విమానం ఆయిలా, నిమ్మతోట మందా అని చెప్పదు. నాన్నగారిని తప్పుపట్టకండి, ఆయనకెలా తెలుస్తుంది. కానీ వచ్చే పరీక్షకు ముందు అమ్మాయిని మందు కొట్టని చోట, బంధువుల ఇంట్లోనో మరెక్కడైనా ఉంచండి. మందుకు దూరంగా 30 రోజులుంటే మంచిది.

#7 కనిగిరి_రైతు

నేను మిరప, పొగాకు వేస్తాను. మాస్టారు చెప్పింది చదివి రాయకుండా ఉండలేకపోతున్నా. మా ఊళ్లో మందు కొట్టే కుర్రాళ్లున్నారు. సీజన్లో రోజూ ఎవరో ఒకరి చేలో పవర్ స్ప్రేయర్ వీపున ఉంటుంది. సాయంత్రానికి కళ్లు మసకలు, నోట్లో నీళ్లూరడం, ఒళ్లంతా చెమట. మజ్జిగ తాగి పడుకుంటారు, తెల్లారి మళ్లీ ట్యాంకు ఎత్తుతారు. ఎవడైనా పడిపోతేనే ఆస్పత్రి. అక్కడ చేసేది ఇదే పరీక్ష కదా. పడిపోకముందు ఎందుకు చేయరు?

ఇంకో ప్రశ్న. పొగాకు రెలుపుల్లో మంచు తడి ఆకు విరిచే ఆడవాళ్లకు వాంతులు, తల తిరగడం ఉంటుంది. అది కూడా దీంట్లో తెలుస్తుందా?

#8 ల్యాబ్_మాస్టారు (ఒంగోలు)

తెలియదన్నా. ఆకు తడిలోంచి చర్మం ద్వారా లోపలికి పోయేది నికోటిన్. బాధ కొంచెం ఒకేలా ఉన్నా నికోటిన్ ఈ ఎంజైమ్‌ను తగ్గించదు. వాళ్లకు పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు, మంచు ఆరాక పనిలోకి దిగడం, అదే మందు.

మీ మొదటి ప్రశ్నకు మాత్రం గట్టిగా చెబుతాను. పడిపోకముందు చేయాల్సిన పరీక్షే ఇది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1974 నుంచి ఆర్గానోఫాస్ఫేట్ మందులు కొట్టే కూలీలకు ఇది చేయిస్తోంది. సీజన్‌కు ముందు బేస్‌లైన్ తీస్తారు. తర్వాత అంకె తన బేస్‌లైన్‌లో 80 శాతం కంటే తగ్గితే పని ఎలా జరుగుతోందో వెళ్లి చూస్తారు. సీరంలోది 60 శాతానికి గానీ ఎర్రకణాల్లోది 70 శాతానికి గానీ పడిపోతే ఆ మనిషిని మందు పని నుంచి తప్పిస్తారు, మళ్లీ 80కి లేచేదాకా. చూడండి, అక్కడ ఎవరూ పుస్తకంలోని నార్మల్ రేంజిని పట్టించుకోరు. ఎవరి అంకెతో వాళ్లనే పోలుస్తారు. మన మిరప చేలల్లో ఇది రావాలని నేను ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నాను.

#9 మత్తుడాక్టర్_మూలాపేట (నెల్లూరు)

చర్చ బాగుంది. నా వైపు నుంచి రెండు మాటలు.

ఒకటి, పుట్టుకతోనే ఈ సీరం ఎంజైమ్ చాలా తక్కువ ఉండేవాళ్లు, అసలు లేనివాళ్లు కూడా ఉంటారు. మన దగ్గర ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇది మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఎంజైమ్ గొలుసులో 307వ స్థానంలో లూసీన్ అనే అమైనో ఆమ్లం బదులు ప్రోలీన్ ఉండే జన్యుమార్పును ఈ కుటుంబాల్లోనే గుర్తించారు. రోజువారీ జీవితంలో వీళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్‌లో కండరాలు వదులు చేసే సక్సినైల్‌కోలిన్ ఇస్తే మాత్రం కొన్ని నిమిషాల్లో దిగాల్సిన మందు గంటలు ఉండిపోతుంది, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. అందుకే నెల్లూరు, ఒంగోలులో మేం ఆపరేషన్‌కు ముందు ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత ఊపిరి ఆలస్యమైందా అని అడుగుతాం. ఇలాంటి వ్యక్తి విమానంలో పనిచేస్తూ పరీక్ష చేయించుకుంటే అంకె పాతాళంలో ఉంటుంది, విషం పీల్చిందని హడావుడి పడతారు. లివర్ జబ్బు, గర్భం, గర్భనిరోధక మాత్రలు కూడా ఈ అంకెను తగ్గిస్తాయి. ఇవన్నీ అడగకుండా రిపోర్టు చదవకూడదు.

రెండోది ముఖ్యం. ఎయిర్‌పోర్టులో వేలి మీటరు 98 చూపించిందన్నారు. కాలిన ఆయిల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉండే అవకాశం ఉంది. ఆ వేలి మీటరు ఆక్సిజన్ పట్టిన హిమోగ్లోబిన్‌నీ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌నీ వేరు చేయలేదు. రెంటికీ 98 చూపిస్తుంది. దానికి కార్బాక్సీహిమోగ్లోబిన్ అని వేరే రక్తపరీక్ష ఉంది, పెద్ద ఆస్పత్రుల్లో బ్లడ్ గ్యాస్ మిషన్ మీదే వస్తుంది. మామూలు గాలి పీలుస్తుంటే మోనాక్సైడ్ 4, 5 గంటల్లో సగానికి పడిపోతుంది, ఆక్సిజన్ మాస్కు పెడితే ఇంకా తొందరగా. కాబట్టి దిగిన వెంటనే తీయాలి. మర్నాడు తీస్తే ఏమీ మిగలదు. మీ చెల్లెలి విషయంలో ఆ అవకాశం పోయింది, తన తోటివాళ్లకైనా చెప్పమనండి.

#10 టంగుటూరు_కెమిస్ట్రీ

లెక్చరర్‌ని. అటూ ఇటూ రెండు వైపులా చూడాలి కాబట్టి ఇది రాస్తున్నాను, ఆ అమ్మాయి బాధను కొట్టిపారేయడానికి కాదు.

ట్రైక్రెసైల్ ఫాస్ఫేట్‌లో కొన్ని రూపాలుంటాయి, వాటిలో ఆర్థో అనే రూపం విషమని అనుమానం అక్కర్లేదు. 1959లో మొరాకోలో అమెరికా వైమానిక స్థావరం నుంచి వచ్చిన మిగులు జెట్ ఇంజిన్ ఆయిల్‌ను వంటనూనెలో కల్తీ చేసి అమ్మారు. సుమారు 10 వేల మందికి కాళ్లు పడిపోయాయి. 1988లో మన కలకత్తా బెహాలాలో కల్తీ నూనె తిని వందల మంది అలాగే పడిపోయారు. కానీ వాళ్లు తిన్నారు, అదీ ఎక్కువ మోతాదులో. ఇప్పటి ఆయిళ్లలో ఆర్థో రూపం చాలా తక్కువ.

నేరుగా విమానాల మీద వెతికిన పరీక్ష ఒకటుంది. సీరం ఎంజైమ్‌లో 198వ స్థానంలోని సెరీన్‌కు ఈ రసాయనం అతుక్కుంటే అక్కడ బరువు 80 యూనిట్లు పెరుగుతుంది. అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో దాన్ని పట్టొచ్చు. అమెరికాలోని సియాటిల్లో క్లెమెంట్ ఫర్లాంగ్, నెబ్రాస్కాలో ఒక్సానా లాక్రిడ్జ్ బృందాలు దీనిమీద పనిచేశాయి. 2011లో 12 మంది ప్రయాణికుల రక్తం చూస్తే ఆరుగురిలో ఆ గుర్తు దొరికింది. ఎంతో తెలుసా? ఎంజైమ్‌లో 0.05 నుంచి 0.28 శాతం. వాళ్లలో ఎవరికీ జబ్బు లక్షణాలు లేవు. వారిలో కొందరిని నెలల తర్వాత, మధ్యలో విమానం ఎక్కకుండా మళ్లీ చూస్తే గుర్తు లేదు. అంటే విమానంలో కొంత లోపలికి పోతోందని రుజువైంది. దానివల్లే జబ్బు చేసిందని మాత్రం రుజువు కాలేదు.

2013లో జర్మనీ వాళ్లు ఇలాంటి వాసన వచ్చిందని చెప్పిన సిబ్బంది మూత్రం 332 నమూనాలు చూశారు. ఆర్థో రూపం ఆనవాళ్లు ఒక్కదాంట్లోనూ లేవు. వేరే ఆర్గానోఫాస్ఫేట్లు కొన్ని మాత్రం మామూలు జనంలో కంటే ఎక్కువ కనిపించాయి. అందుకే నాకు అనిపించేది, ఒక్క ట్రైక్రెసైల్ మీదే కళ్లు పెట్టి, అది దొరకలేదు కాబట్టి ఏమీ జరగలేదనడం సరి కాదు. వేడెక్కిన ఆయిల్ పొగలో వేరేవి బోలెడుంటాయి.

#11 ల్యాబ్_మాస్టారు (ఒంగోలు)

లెక్చరర్ గారూ, మీ అంకెలే నా మాటకు బలం. 0.28 శాతం తగ్గుదలను మా మామూలు పరీక్ష కలలో కూడా పట్టలేదు. ఒకే మనిషికి రోజుకూ రోజుకూ 10 శాతం తేడా రావడం మామూలే. కాబట్టి నార్మల్ అన్న రిపోర్టు చూపించి కంపెనీ ఆ పిల్లను అబద్ధాలకోరు అనడానికి వీల్లేదు. అంకె తగ్గింది కాబట్టి విమానమే చేసిందని మనమూ అనలేం. మీరు చెప్పిన మాస్ స్పెక్ట్రోమీటర్ పరీక్ష రీసెర్చి వాళ్లది, పొగతోటలో రాసిస్తే చేసేది కాదు.

#12 హ్యాంగర్_బాబాయ్ (గూడూరు)

పరీక్షల్లో దొరకలేదని కేసులు పోలేదు. ఆస్ట్రేలియాలో జోయన్ టర్నర్ అనే ఎయిర్‌హోస్టెస్ 1992లో బీఏఈ 146 విమానంలో ఆయిల్ పొగ పీల్చింది. దగ్గు పట్టుకుని వదల్లేదు. కోర్టులో గెలిచి పరిహారం తీసుకుంది. 2010లో ఆ దేశపు అత్యున్నత కోర్టైన హైకోర్టు కూడా కంపెనీ అప్పీలును ఒప్పుకోలేదు. ఆ రోజు క్యాబిన్‌లో పొగ వచ్చిందని తేలడం అక్కడ ముఖ్యమైంది. అందుకే లాగ్ ఎంట్రీ అని అంతగా చెబుతున్నా.

#13 కందుకూరు_కువైట్

నేను ఏటా కువైట్ పోయొస్తుంటాను. మాలాంటి ప్రయాణికులు కూడా పరీక్ష చేయించుకోవాలా అన్నా?

#14 మత్తుడాక్టర్_మూలాపేట (నెల్లూరు)

వాసన రాకపోతే అవసరం లేదు. ఐరోపా విమాన భద్రతా సంస్థ 2017లో బయటపెట్టిన కొలతల్లో మామూలు ప్రయాణాల్లో క్యాబిన్ గాలి ఇళ్లలో, ఆఫీసుల్లో గాలితో సమానంగానే ఉంది. భయపడాల్సింది వాసన కొట్టి, తలనొప్పో వణుకో వచ్చిన రోజునే. ఆ రోజు ఇంటికి పోకుండా ఎమర్జెన్సీకి వెళ్లి, పొగ పీల్చానని ముందు చెప్పండి.

#15 నిర్వాహకుడు

రక్తంలోని విషం కడిగే ప్యాకేజీ అంటూ ఒకరు పెట్టిన పోస్టు తీసేశాం. ఇక్కడ అమ్మకాలు వద్దు.

#16 పొదలకూరు_పెద్దమ్మాయి

కొన్ని వారాల తర్వాత రాస్తున్నాను. చెల్లిని తోటకు దూరంగా నెల్లూరులో మా పిన్ని ఇంట్లో పెట్టాం. అదే ల్యాబులో మళ్లీ చేయించాం. బూడిద మూత ట్యూబు వద్దని నేనే అడిగి మరీ చూశాను. 7,900 వచ్చింది. తలబరువు తగ్గింది, మాట దొరక్కపోవడం ఇంకా కొంచెం ఉంది. విమానం నంబరూ టైమూ రాసి పెట్టుకుంది. లాగ్‌లో ఎంట్రీ పడిందని తోటి అమ్మాయి కనుక్కుని చెప్పింది.

#17 ల్యాబ్_మాస్టారు (ఒంగోలు)

7,900లో 5,400 అంటే 68 శాతం. మామూలు హెచ్చుతగ్గులతో ఇంత తేడా రాదు. మొదటిసారి ఎంజైమ్ దిగి ఉన్న మాట నిజం. కాలిఫోర్నియా లెక్క ప్రకారమైతే పనిచేసే చోటును వెళ్లి చూడాల్సిన స్థాయి. విమానమా, నిమ్మతోటా అన్నది ఈ రక్తం తేల్చదు, రెండూ అయ్యుండొచ్చు. మీ డాక్టరు గారికి రెండు రిపోర్టులూ, మందు కొట్టిన తేదీ, విమానం తేదీ ఒకే కాగితం మీద రాసి ఇవ్వండి. మాట దొరక్కపోవడం తగ్గకపోతే న్యూరాలజిస్టుకు చూపించండి, ఆ బాధను ఈ అంకెతో ముడిపెట్టి ఆగొద్దు.

డ్యూటీలో చేరే ముందు ఇంకోసారి సీరం, వీలైతే ఎర్రకణాలది కూడా తీయించి దాచుకోమనండి. ఎర్రకణాల పరీక్షకు రక్తం ఐసు మీద పంపాలి, ఫ్రీజర్లో పెట్టి గడ్డకట్టించకూడదు. అదే ఇకమీద ఆమె బేస్‌లైన్. తోటి క్రూ పిల్లలకు కూడా చెప్పమనండి, ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీయించుకోమని.

#18 కనిగిరి_రైతు

మాస్టారూ, మా మందు కొట్టే కుర్రాళ్లకు ఎప్పుడు తీయిస్తే మంచిది? మిరప నారు పోయకముందా?

#19 ల్యాబ్_మాస్టారు (ఒంగోలు)

వేసవిలో, చేలల్లో ఏ మందూ కొట్టక నెల దాటినప్పుడు. మే నెలాఖరులో పొద్దున పూట తీసుకురండి, ఒక్కొక్కరి పేరుతో అంకె రాసి ఇస్తాను. ఆ కాగితం పోగొట్టుకోకుండా మీ దగ్గరే పెట్టండన్నా, మళ్లీ అక్టోబరులో అదే పట్టుకుని రావాలి.